ఇచ్చోడకు ఒక మాఫీ కాగితం

ఫోన్ నంబరు మార్చుకోకపోవడం వల్ల జరిగిన ప్రయాణం ఇది. ముప్ఫై ఏళ్లు సర్కారు బళ్లలో సాంఘిక శాస్త్రం చెప్పి, రిటైరై, కరీంనగర్‌లో ఇంటిపట్టున ఉంటున్నాను. పాత విద్యార్థులు పండగలకు శుభాకాంక్షలు పంపుతారు. నేను దండం బొమ్మ తిరిగి పంపుతాను. మా మధ్య అంతకు మించిన వ్యవహారం ఎప్పుడూ లేదు, డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున గంగాధర్ ఫోన్ చేసేదాకా.

గంగాధర్‌ది మెట్‌పల్లి పక్క ఊరు. పదో తరగతి నా దగ్గరే చదివాడు. పదకొండేళ్లుగా గల్ఫ్‌లో ఒక కంపెనీ లేబర్ క్యాంపులో వంటమనిషిగా ఉన్నాడు. అతను చెప్పిన సంగతి ఇది. ఏడు నెలల కింద, తెల్లవారుజామున, వాళ్ల కంపెనీ రోడ్డు పని దగ్గర నీళ్ల ట్యాంకరు వెనక్కి వస్తూ ఒక మనిషిని గుద్దింది. చనిపోయినవాడు మన ఆదిలాబాద్ జిల్లావాడే, ఇచ్చోడ దగ్గరి పల్లె, పేరు మారుతి. ట్యాంకరు నడిపింది కెన్యా దేశస్తుడు జోసెఫ్. అప్పటి నుంచి అతను జైల్లో ఉన్నాడు. అక్కడి చట్టం ప్రకారం చనిపోయినవాని ఇంటివాళ్లు మాఫీ చేస్తున్నామని రాసిస్తే డ్రైవర్‌ను వదిలేస్తారు. రాసివ్వకపోతే ఎన్నాళ్లు ఉంచుతారో చెప్పేవాళ్లు లేరు. గురువారం పొద్దున కోర్టు వాయిదా. ఆలోపు మారుతి తల్లి, భార్య ఇద్దరూ సంతకాలు చేసిన కాగితం, కనీసం దాని ఫొటో అయినా, అక్కడికి చేరాలి. ఈ వాయిదా తప్పితే మళ్లీ ఎప్పుడో ఎవరికీ తెలియదు.

“నేను రెండుసార్లు ఫోన్ చేసిన టీచర్. గా అవ్వ మాట వినకముందే పెట్టేసింది. ఎవలన్న ముఖం జూసి మాట్లాడాలె,” అన్నాడు. ఆ ఎవలన్న నేనే ఎందుకు కావాలని అడిగాను. “ప్రపంచమంత ఒకటే కుటుంబమని మీరే గదా చెప్పింది,” అన్నాడు.

చెప్పాను, కాదనను. ఏటా చెప్పాను. అది నాలుగు మార్కుల ప్రశ్న. నాలుగు పాయింట్లు రాసి కింద గీత గీస్తే నాలుగు మార్కులూ వేసేదాన్ని. కెన్యా కూడా నాకు తెలుసు. భూమధ్యరేఖ పోయే దేశాలను పటంలో గుర్తించుమంటే పిల్లలు ఎర్ర పెన్సిల్‌తో రుద్దే దేశాల్లో అదొకటి. ఆ ఎర్రరంగు కింద ఒక తల్లి ఉంటుందని, ఆమె కొడుకు కోసం నేను తెల్లవారకముందే లేచి బస్సెక్కుతానని ఒక్కనాడూ తోచలేదు. చెప్పిన పాఠానికి ఇన్నేళ్లకు పరీక్ష పెట్టినట్టయి, వస్తానని ఒప్పుకున్నాను. ఫోన్ పెట్టాక నా మీద నాకే కోపం వచ్చింది.

బుధవారం పొద్దున ఐదు నలభైకి కరీంనగర్ బస్టాండులో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి ఆధార్ కార్డు చూపిస్తే చాలు. కండక్టరమ్మ మెషిన్‌లో సున్నా కొట్టి చిన్న చీటీ చేతిలో పెట్టింది. చలికి అద్దాలన్నీ మూసేశారు. కొండగట్టు దగ్గర సగం బస్సు ఖాళీ అయింది. జగిత్యాలలో ఏడింటికి పది నిమిషాలు ఆపితే చాయ్ తాగాను. దారి పొడవునా ఆ తల్లితో ఏం మాట్లాడాలో మనసులో వల్లె వేసుకున్నాను. మొదటి మాట దగ్గరే ఆగిపోతూ వచ్చాను.

మెట్‌పల్లిలో ఎనిమిది దాటి ఐదు నిమిషాలకు దిగాను. గంగాధర్ భార్య లావణ్య బస్టాండులోనే నిలబడి ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితం. పైన అరబ్బీ, మధ్యలో ఇంగ్లీషు, కింద తెలుగు. ఇంకో చేతిలో నా కోసం సర్వపిండి డబ్బా. ఇంటికి రాకుండానే పోతున్నానని నొచ్చుకుంది. సిమెంటు బెంచీ మీద కూర్చుని తన ఫోన్లో ఒక వాయిస్ మెసేజ్ వినిపించింది. జోసెఫ్ తల్లి మాట్లాడిందట. నిమిషం కూడా లేదు. ఒక్క ముక్క అర్థం కాలేదు. మారుతి తల్లిని ఆమె అమ్మా అని పిలుస్తున్నదని, కొడుకు తరఫున తప్పు ఒప్పుకుంటున్నదని జోసెఫ్ చెల్లెలు ఇంగ్లీషులో కింద రాసింది. ఆ మెసేజ్‌ను నా ఫోన్‌కు పంపించుకున్నాను.

నేను లేవబోతుంటే లావణ్య గొంతు తగ్గించింది. “ఇంకో ముచ్చట ఉన్నది టీచర్. గా డ్రైవర్ బండి దిగి ఉరికిండట. గప్పటికి మారుతి పానంతోనే ఉన్నడు. మధ్యాహ్నం పోలీసులు పట్కచ్చిన్రు. మా ఆయన నాకు ఒక్కనాడే చెప్పిండు. గది మీరు అక్కడ అనకున్రి.”

అనకూడని సంగతి నాకెందుకు చెప్పినట్టు? తెలియకపోతే తెలియదని ధైర్యంగా అనేదాన్ని. ఇప్పుడు తెలిసి దాచాలి. ఆమె మీద విసుక్కుందామనుకున్నాను గానీ, ఆ పిల్ల ముఖం చూస్తే వారం రోజులుగా నిద్ర లేనట్టుంది. మొగుడు పొద్దుమాపు ఇదే మాట మాట్లాడుతున్నాడని, అన్నం సరిగా తినడం లేదని చెప్పింది. ఒక దేశం కాని దేశంవాని కోసం ఇంతగా ఎందుకు తాపత్రయపడుతున్నాడో తనకూ తెలియడం లేదట.

ఎనిమిది యాభైకి ఆర్మూర్ బస్సు దొరికింది. పక్క సీట్లో యాభై దాటిన మనిషి, ఒడిలో పసుపు కొమ్ముల సంచి. మాటల్లో తెలిసింది, ఆయన ఇరవై రెండేళ్లు గల్ఫ్‌లో ఉండి తిరిగొచ్చాడు. నేను కవరు తీసి చూసుకుంటుంటే అరబ్బీ అక్షరాలు చూసి ఏం కాగితమని అడిగాడు. చెప్పాను. అలాంటి కాగితం కోసం ఎదురుచూస్తూ జైల్లోనే జుట్టు నెరిసినవాళ్లను తాను చూశానన్నాడు. మన దిక్కువాళ్లు అయితే కనీసం ఊళ్లో ఎవరో ఒకరు తిరుగుతారని, ఆఫ్రికావాళ్లకు ఇక్కడ తిరిగేవాళ్లు ఎవరుంటారని అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, “గాడు మీకేమైతడమ్మా?” అని అడిగాడు. ఏమీ కాడని చెప్పాను. “మరి మీకెందుకు?” అన్నాడు. ఎగతాళిగా కాదు, తెలుసుకుందామనే. ఆర్మూర్ వచ్చేదాకా జవాబు కోసం వెతికాను.

ఇటు వెళ్లేవాళ్లకు ఒక మాట. ఆర్మూర్‌లో నిర్మల్ బస్సు ఎక్కకండి, నిర్మల్‌లో మళ్లీ గంట కూర్చోవాలి. నేరుగా ఆదిలాబాద్ పోయే ఎక్స్‌ప్రెస్ కోసం కాస్త ఆగితే మేలు. నాకు పది పావుకు దొరికింది. కిటికీ పక్కన సీటు. సోన్ వంతెన మీదికి బస్సు ఎక్కగానే పక్కనున్న పెద్దావిడ కొంగుముడి విప్పి గోదావరిలోకి రూపాయి బిళ్ల విసిరి దండం పెట్టింది. నా చేతిలోనూ ఒకటి పెట్టి ఏదన్నా మొక్కుకొమ్మంది. ఏం మొక్కాలో తెలియలేదు. జోసెఫ్ బయటికి రావాలని మొక్కాలా? ఆ తల్లి నన్నేమీ అడగకూడదని మొక్కాలా? ఉన్న మాట చెప్పాలంటే రెండోదే మొక్కాను.

నిర్మల్‌లో పదకొండు దాటింది. తర్వాత ఘాట్ రోడ్డు, రెండు పక్కలా టేకు అడవి, మలుపు మలుపుకూ డ్రైవర్ హారన్. ఇచ్చోడలో పన్నెండు ముప్పై ఐదుకు దిగాను. ముందు నోటరీ దగ్గరికి పోయాను. ఆఫీసు అంటే ఒక గది, ఒక టేబులు, గోడకు గడియారం. కాగితం మొత్తం చదివి, ఇద్దరు ఆడవాళ్లూ ఆధార్ కార్డులతో స్వయంగా రావాలని, ఐదింటికి తాను లేస్తానని, ఆ తర్వాత తాళం తీసేది లేదని చెప్పాడు. పక్కన హోటల్లో జొన్నరొట్టె, వంకాయ కూర తిన్నాను. రుచి తెలియలేదు గానీ ఆకలి తీరింది. ఒకటి పావుకు షేర్ ఆటో ఎక్కి ఇరవై నిమిషాల్లో ఆ పల్లె చేరాను. ఊరి పేరు రాయను. వాళ్ల పేర్లు కూడా నిజం పేర్లు కావు.

మారుతి తల్లి రుక్మాబాయి, కోడలు సవిత అరుగు మీద పత్తికాయల ముందు కూర్చుని పత్తి వలుస్తున్నారు. రుక్మాబాయికి అరవై ఉంటాయి. సన్నటి మనిషి, చేతులు మాత్రం బలమైనవి. మారుతి తండ్రి ఎప్పుడో పోయాడు. పెళ్లైన ఎనిమిది నెలలకు మారుతి గల్ఫ్ పోయాడు. ఇప్పుడా ఇంట్లో ఈ ఇద్దరే. నేనెవరో అడగకముందే రుక్మాబాయి లేచి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. గటగటా తాగాను. తర్వాత సంగతి చెప్పాను. బస్సులో వల్లె వేసినదేదీ గుర్తురాలేదు. ఇది మాఫీ కాగితం, ఇది కోర్టు తేదీ, వాడు కెన్యావాడు, వానికీ తల్లి ఉంది అని ముక్కలు ముక్కలుగా చెప్పాను.

సవిత ముందుగా మాట్లాడింది. “వాడు జైల్ల ఉంటె నాకేమొస్తది? నేను పెడ్త సంతకం,” అని మళ్లీ పత్తికాయ అందుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

రుక్మాబాయి ఒళ్లో ఉన్న పత్తిని తీసి బుట్టలో వేసి, చీర దులుపుకుని, నా ఎదురుగా వచ్చి కూర్చుంది. “నేనొకటి అడుగుత బాయి. గీ ముచ్చట కంపినోళ్లను అడిగిన, ఏజెంటును అడిగిన, పెట్టె తోలుకచ్చినోళ్లను అడిగిన. ఒక్కలు చెప్పలే. నా కొడుకు నోట్ల నీళ్లెవలు పోసిన్రు?”

వాళ్ల ఇళ్లలో మనిషి ప్రాణం పోయేటప్పుడు నోట్లో నీళ్లు పోస్తారు. మారుతి తండ్రి పోయినప్పుడు వచ్చినవాళ్లందరూ వరసగా ఒక్కో చెంచా పోశారట. పొయ్యకపోతే పోయినవాడు దాహంతోనే ఉండిపోతాడని ఆమె నమ్మకం. మారుతి శవం ఉన్న పెట్టె పంతొమ్మిది రోజులకు వచ్చింది. తెరవొద్దని, తెరిస్తే చూడలేరని వెంట వచ్చినవాళ్లు చెప్పారు. మేకులు కొట్టి ఉంది. “పెట్టె మీదనే పోసిన. కట్టె తాగింది గని వాడు తాగలే,” అంది రుక్మాబాయి. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. “గా డ్రైవర్ నీళ్ల బండి నడిపెటోడు గదా. వాడన్న పోసిండా?”

గోడ మీద మారుతి ఫొటో ఉంది. నేను దాని వైపు చూడలేదు. నా మనసులో నోటరీ గడియారం తిరుగుతోంది. ఉరికిండు అని చెబితే ఈ చెయ్యి సంతకం చెయ్యదు. తెలియదు అని చెబితే కూడా చెయ్యదు. పోశాడు అన్న ఒక్క మాటతో ఒక తల్లికి ఊరట, ఇంకో తల్లికి కొడుకు. ఇందులో ఎవరికి నష్టం?

“పోసిండమ్మా,” అన్నాను.

ఎంత తాగిండు అని అడిగింది. రెండు గుక్కలు తాగాడన్నాను. దేనితో పోసిండు అని అడిగింది. బాటిల్‌తో అన్నాను. ముప్ఫై ఏళ్లు పిల్లలకు కళ్లకు కట్టినట్టు పాఠం చెప్పిన నోరు, అడిగిన ప్రతిదానికీ జవాబు సిద్ధంగా వచ్చింది. ఇది ఎవరు చూశారని అడిగింది. గంగాధర్ అని చెప్పాను. నా తప్పు అక్కడ పట్టుబడింది.

సవిత ఫోన్ తీసింది. గంగాధర్ నంబరు తన దగ్గర ఉందని, నిజమైతే ఆయన నోటితోనే విందామని అంది. వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. రెండు దాటి పది నిమిషాలు. అక్కడ అది మధ్యాహ్నం వంట వేళ. వీడియోలో గంగాధర్ కనిపించాడు. తల మీద తెల్ల టోపీ, వెనక పెద్ద పెద్ద గిన్నెల ఆవిరి. రుక్మాబాయి ఫోన్‌ను ముఖానికి దగ్గరగా పెట్టుకుని, డ్రైవర్ నీళ్లు పోశాడని టీచరమ్మ చెబుతోంది, నిజమేనా అని అడిగింది. నేను ఆమె వెనక నిలబడి అవునని చెప్పమన్నట్టు ఫోన్‌కేసి తల ఊపాను. గంగాధర్ నన్ను చూశాడు. టోపీ తీసేశాడు.

“పొయ్యలే అవ్వ. వాడు భయపడి ఉరికిండు,” అన్నాడు.

రుక్మాబాయి ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది.

“నేనున్న గాడ. పొద్దుగాల నాస్తా తీస్కపోయిన. మారుతి నన్ను జూసి ‘గంగన్నా, దూప’ అన్నడు. రెండుసార్లు అన్నడు. ఇరవై మంది ఉన్నరు అవ్వ, దూప అంటె నీళ్లడుగుతున్నడని నాకొక్కనికే తెలుసు. బాటిల్ నా చేతులనే ఉండె.”

“మరి?” అంది రుక్మాబాయి.

“దెబ్బ తగిలినోనికి నీళ్లు పొయ్యద్దని మాకు కంపిని సేఫ్టీ క్లాసుల చెప్పిన్రు. ఫోర్మన్ గూడ పొయ్యకుమని ఒర్లిండు. అంబులెన్స్ అస్తుంది, బతుకుతడు అనుకున్న. మూత తీసిన. మళ్ల పెట్టిన.”

గంగాధర్ ఏడుస్తున్నాడు. వెనక ఎవరో హిందీలో అతన్ని పిలుస్తున్నారు. రుక్మాబాయి ఫోన్‌ను సవితకు ఇచ్చి లోపలికి పోయింది. తలుపు వేసుకోలేదు గానీ, లోపలికి పోయే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది. సవిత రెండు చేతులతో ముఖం కప్పుకుంది. వేళ్లకు పత్తి నూగు అంటుకుని ఉంది.

అరుగు మీద గంటన్నర కూర్చున్నాను. జీవితంలో ఇంత సిగ్గుపడిన రోజు ఇంకోటి లేదు. గంగాధర్ అన్నం ఎందుకు తినడం లేదో, జోసెఫ్ కోసం ఎందుకు అంత తిరుగుతున్నాడో ఇప్పుడు తెలిసింది. తప్పు ఎవరిదని లెక్క తేల్చబోయాను. భయపడి పారిపోయినవాడిదా? చీకట్లో బండి వెనక్కి తియ్యమన్నవాళ్లదా? మంచికే చెప్పిన ఆ క్లాసుదా? మాట అర్థమై కూడా మూత పెట్టినవాడిదా? డాక్టర్లను అడిగితే గంగాధర్ చేసిందే సరైందంటారు. ఆ మాట ఈ ఇంట్లో ఎవరు చెప్పగలరు? అందరి బాధ్యత అని పాఠం చెప్పినన్నాళ్లూ, పంచుకుంటే ఎవరి వాటా వాళ్లకు కొంచెమే వస్తుందన్నట్టు చెప్పాను. ఆ అరుగు మీద అది పంచుకునే సరుకులా అనిపించలేదు. ప్రతివాళ్ల దగ్గరా పూర్తిగా ఉంది. నా దగ్గరా ఉంది, అబద్ధం రూపంలో.

మధ్యలో సవిత చాయ్ పెట్టింది. తాగమని అనలేదు, ముందు పెట్టింది. మూడున్నర అయింది. ఇంకో పావుగంట. ఇంటి ముందు నుంచి ఇచ్చోడ వైపు ఒక ఆటో పోయింది, ఆపలేదు. ఐదింటికి తాళం వేస్తానన్న మాట గుర్తొచ్చినా, గుమ్మం వైపు చూసి ఒక్క మాట అనలేకపోయాను. అనే హక్కు పోగొట్టుకున్నాను.

నాలుగింటికి పది నిమిషాలుండగా రుక్మాబాయి బయటికి వచ్చింది. ముఖం కడుక్కుని ఉంది. ఆ డ్రైవర్ తల్లి బతికే ఉన్నదా అని అడిగింది. నేను ఫోన్ తీసి ఆ వాయిస్ మెసేజ్ వినిపించాను. ఆమె ఫోన్ చెవికి ఆనించుకుని విన్నది. మళ్లీ పెట్టమంది. మళ్లీ విన్నది. ఏమంటున్నదని అడుగుతుందేమో అనుకుని చెల్లెలు రాసింది చదవబోయాను. ఆమె చేత్తో వద్దంది. “వాళ్లింట్ల కోళ్లున్నయి,” అంది. అప్పుడు నేను చెవి పెట్టి విన్నాను. ఆ ముసలి గొంతు వెనక నిజంగానే కోడి కూస్తోంది. అప్పటికి దాన్ని నేను మూడుసార్లు విన్నాను, కోడి కూత వినలేదు.

“పా,” అంది రుక్మాబాయి. ఆధార్ కార్డు కొంగులో కట్టుకుని ముందు నడిచింది.

ఆటో వెంటనే దొరకలేదు. పత్తి బోరాలతో పోతున్న ట్రాలీ ఆటోను సవిత చెయ్యెత్తి ఆపింది. ముగ్గురం బోరాల మధ్య ఇరుక్కుని కూర్చున్నాం. నోటరీ గదికి చేరేసరికి నాలుగు నలభై. ఆయన తెలుగు భాగం పైకి చదివాడు. ‘ఎవరి బలవంతం లేకుండా, సంపూర్ణ ఇష్టంతో’ అన్న దగ్గర రుక్మాబాయి ఆపింది. ఇష్టంతో కాదని చెప్పింది. నోటరీ పెన్ను కింద పెట్టి, ఇష్టం లేకపోతే కాగితం చెల్లదని నావైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. ఈసారి నోరు తెరవకూడదని పళ్లు బిగబట్టుకున్నాను.

“బలవంతం లేదు. ఇష్టం గూడ లేదు. గని పెడ్తున్న. చెల్లేటట్టు నువ్వే రాస్కో,” అంది రుక్మాబాయి.

నోటరీ ఒక నిమిషం ఆలోచించి ముద్ర చేతిలోకి తీసుకున్నాడు. సవిత గబగబా సంతకం చేసింది. రుక్మాబాయి మహిళా సంఘంలో సంతకం నేర్చుకుందట. ఒక్కో అక్షరం పెట్టి, ఆగి, చూసుకుని, తర్వాతి అక్షరం పెట్టింది. ఐదింటికి ఐదు నిమిషాలుండగా కాగితాన్ని ఫొటో తీసి గంగాధర్‌కు పంపించాను. చేరినట్టు గుర్తు పడింది.

బస్టాపు దాకా ఇద్దరూ నాతో వచ్చారు. రమ్మనలేదు, వాళ్లే వచ్చారు. రోడ్డు పక్కన నిలబడ్డాక రుక్మాబాయి అంది, “నువ్వు అబద్ధం చెప్పినవ్ బాయి. నా కోసం చెప్తె పడుదును. సంతకం కోసం చెప్పినవ్.” అవునన్నాను. తప్పయిందన్నాను. ఆమె బస్సు వచ్చే దిక్కుకు చూసింది. మాఫీ అడిగేవాళ్లందరికీ దొరకాలని ఏముంది?

ఆదిలాబాద్ నుంచి కరీంనగర్ పోయే బస్సు ఐదు ఇరవై ఐదుకు కనిపించింది. అప్పుడామె నా చెయ్యి పట్టుకుని ఆపింది. “గా డ్రైవర్‌కు కాయితం ఉండె, పెట్టిన. గంగాధర్‌కు ఏ కాయితం లేదు. సెలవు మీద అచ్చినప్పుడు తన ఇంటికి పోకముందే మా ఇంటికి రమ్మను. తొవ్వల యాడ నీళ్లు తాగకుంట రమ్మను. నేను పోస్త,” అంది.

బస్సు కదిలాక సీటు దొరికింది గానీ చాలాసేపు నిలబడే ఉన్నాను. ఆ మాట క్షమాపణో శిక్షో నాకు తేలలేదు, ఇప్పటికీ తేలలేదు. ఘాట్ దిగేటప్పుడు పూర్తిగా చీకటి పడింది. నిర్మల్ దాటాక ఆమె మాటలు ఒక్క అక్షరం మార్చకుండా గంగాధర్‌కు టైపు చేసి పంపాను. ఈసారి నా సొంతంగా ఏమీ కలపలేదు. చదివినట్టు గుర్తు వచ్చింది.

పొద్దున పసుపు సంచి మనిషి అడిగిన ప్రశ్న ఆర్మూర్‌లో బస్సు ఆగినప్పుడు మళ్లీ గుర్తొచ్చింది. మీకెందుకు అని. ఇప్పటికీ పెద్ద జవాబు లేదు. అయితే నేను చూసింది రాయగలను. ప్రపంచం ఒక కుటుంబమని నమ్మి బయల్దేరినదాన్ని నేను, ఆ కుటుంబంలో అబద్ధమాడిందీ నేనే. కెన్యా ఎక్కడుందో తెలియని ఒక మనిషి, ఇష్టం లేకుండానే, భాష తెలియని ఒక తల్లి ఇంట్లో కోళ్లున్నాయని గుర్తుపట్టి సంతకం పెట్టింది. ఇష్టం ఉంటేనే మంచి పని జరుగుతుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. పాఠంలో ఆ పాయింటు తప్పు చెప్పాను. దిద్దడానికి ఇప్పుడు క్లాసు లేదు.

మెట్‌పల్లిలో ఎనిమిది నలభైకి బస్సు ఆగింది. ఐదు నిమిషాలని కండక్టర్ కేకేశాడు. నేను ముందే ఫోన్ చేసి ఉంచాను, లావణ్య కిటికీ దగ్గరికే వచ్చింది. ఏడ్చిన ముఖం. మొగుడు సాయంత్రం ఫోన్ చేసి అంతా చెప్పాడట, ఏడు నెలలు కడుపులో పెట్టుకున్నది మొత్తం. సంతకాలు అయ్యాయని, జోసెఫ్ బయటికి వస్తాడని, కాగితం ఫొటో కంపెనీ మనిషికి చేరిందని చెప్పి కూడా వెక్కివెక్కి ఏడ్చాడట. రుక్మాబాయి కబురు గురించి మాత్రం ఆమెకు చెప్పలేదు. నేను చెప్పాను. ఇంటికి పోకముందే అక్కడికి పోవాలని, దారిలో ఎక్కడా నీళ్లు తాగకూడదని.

లావణ్య కిటికీ ఊచలు పట్టుకుని విన్నది. బస్సు స్టార్టయింది.

“ఫిబ్రవరిల అస్తడు టీచర్. ఎయిర్‌పోర్టు కాడి నుంచి ఇచ్చోడ ఆరు గంటల తొవ్వ,” అంది. “అచ్చిన ప్రతిసారి ఇంట్ల నీళ్లు బాటిల్ల పోస్కపోత. బయటికి రాంగనే గదే అడుగుతడు.” బస్సు కదులుతుంటే పక్కన నాలుగడుగులు నడిచింది. “గీసారి తీస్కపోను.”